ఎనిమిది గంటలు పడుకున్నా తీరని అలసట

ప్రశ్న: నా వయసు 52. పదింటికల్లా పక్క మీదకు చేరతాను, ఆరున్నరకు లేస్తాను. అయినా తెల్లారేసరికి ఒళ్ళంతా కొట్టినట్టు ఉంటోంది. పగలంతా కునికిపాట్లు, ప్రతిదానికీ చిరాకు. మా అబ్బాయికి 26 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో తిరిగి ఒంటిగంటకు గానీ ఇల్లు చేరడు. మావారికి తెలిస్తే గొడవని, లైటు వెయ్యకుండా గోడ పట్టుకుని వెళ్ళి నేనే తలుపు తీస్తాను. వచ్చి పడుకోగానే నిద్ర పట్టేస్తుంది. మంచి విటమిన్ మాత్ర గానీ, నిద్రమాత్ర గానీ చెబుతారా?

జవాబు: మాత్ర సంగతి ముందే తేల్చేస్తానమ్మా. నిద్రమాత్ర అసలే వద్దు. రక్తపరీక్ష లేకుండా విటమిన్లూ వద్దు. మీ జబ్బు ఆ తలుపు దగ్గరుంది.

గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. పదింటికి పడుకునే మీకు అది ఒంటిగంట లోపే. సరిగ్గా ఆ వేళలోనే మీ చెవి గేటు చప్పుడు మీద ఉంటోంది. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూ పడుకుంటే, పిలుపు రాకపోయినా నిద్ర పలచబడుతుంది. తలుపు తీసి వచ్చే రెండు నిమిషాలకే ఇంత అలసట రాదు.

26 ఏళ్ళవాడి చేతిలో ఇంటి తాళంచెవి లేదా? కన్నతల్లి చీకట్లో గోడ తడుముకుంటూ వస్తే, చూసి కూడా తన గదిలోకి వెళ్ళిపోతున్నాడా? చదువుతుంటే కోపం వచ్చింది నాకు. స్నేహితులతో తిరగడాన్ని తప్పుపట్టను. తల్లిని కాపలా ఉంచడం మాత్రం ముమ్మాటికీ తప్పు. అయితే ఆ సంగతి వాడికి తట్టే దారి మీరే మూసేశారు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పలకరించే అమ్మను చూస్తే, ఆమె నలిగిపోతోందని వాడికెలా తెలుస్తుంది?

గొడవ అవుతుందన్నారు. అవనివ్వండి. తండ్రీకొడుకులు ముఖాముఖి తేల్చుకోవాల్సిన మాటలకు మీరు అడ్డం నిలబడ్డారు. ఇద్దరి దగ్గరా మంచి అనిపించుకోవాలని చూసే తల్లులను చాలామందిని చూశాను. ఆ భారమంతా చివరికి వాళ్ళ ఒంటి మీదే పడుతుంది.

అందరూ ఇంట్లో ఉన్న రోజు, మీ ఆయన ఎదుటే అబ్బాయికి తాళంచెవి ఇవ్వండి. ‘నాన్నా, నాకు ఒంట్లో బాగుండట్లేదు. ఇక రాత్రిళ్ళు లేవను. ఆలస్యమైతే నువ్వే తలుపు తీసుకుని లోపలికి రా’ అనండి. సంజాయిషీలు, కన్నీళ్ళు అక్కర్లేదు. మొదట్లో మెలకువ వస్తూనే ఉంటుంది. వచ్చినా మంచం దిగకండి. ఇన్నాళ్ళ అలవాటు ఒక్క రాత్రిలో పోదు.

దాంతోపాటే డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 చూపించుకోండి. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12కు తగ్గితే రక్తహీనత కింద లెక్క, ఊరికే అలసిపోతారు. ఇంకొకటి మీ ఆయన్నే అడగాలి. మీరు గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ ఎగబీలుస్తున్నారా అని. దీన్ని స్లీప్ అప్నియా అంటారు. నెలసరి ఆగిన వయసులో ఆడవాళ్ళకూ పెరుగుతుంది. అది ఉంటే ఎన్ని గంటలు పడుకున్నా బడలిక తీరదు, నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరికే ప్రమాదం కావచ్చు. మొదట్లోనే వద్దన్నది అందుకే.

ఆ మాట అడిగేటప్పుడే అర్ధరాత్రి తలుపు సంగతి కూడా ఆయనకు చెప్పేయండి. తాళంచెవి ఇచ్చే రోజున తెలియడం కంటే ముందే మీ నోట వినడం నయం.