నీట్‌లో సీటు రాకపోతే పల్లె వైద్యంలోకి దారి లేనట్టేనా?

దారి ఉంది, ఊళ్లో వైద్యసేవకు ఎంబీబీఎస్ ఒక్కటే మార్గం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్లు ఒకరిద్దరే ఉంటారు. దాని కింద, మైదాన ప్రాంతాల్లో సుమారు 5,000 మందికి ఒకటి లెక్కన ఉండే ఉపకేంద్రాలు ఏఎన్‌ఎంల (ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తల) మీదే నడుస్తాయి. పిల్లల టీకాలు, గర్భిణుల బీపీ, హిమోగ్లోబిన్ పరీక్ష, ఇంటింటికీ తిరగడం అన్నీ వాళ్ల పనే. ఉదాహరణకు, హైదరాబాద్‌లో బైపీసీ చదివే అమ్మాయి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేస్తే, నోటిఫికేషన్ పడినప్పుడు వికారాబాద్ వైపు పల్లె దవాఖానాలో (తెలంగాణలో స్థాయి పెంచిన ఉపకేంద్రంలో) పోస్టుకు ప్రయత్నించవచ్చు. అవి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు, అది తెలిసే దిగాలి. చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఆర్‌ఎంపీ (డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే వ్యక్తి) దగ్గర సూది వేయడం నేర్చుకుంటే చాలనుకుంటారు. అది అర్హత కాదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేయడం నేరం.