అత్తయ్య ఇడ్లీ అడిగితే పూరీ తెస్తున్నారు

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో, రైల్వే స్టేషన్ దగ్గర మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. మామగారు పోయాక అత్తయ్యే దాన్ని నిలబెట్టారు. ఇప్పుడు ఆవిడకు 68. ఏడాదిగా ఇడ్లీ అడిగితే పూరీ ఇస్తున్నారు, చిల్లర రెండుసార్లు ఇచ్చేస్తున్నారు. మొన్న ఒకాయన ప్లేటు తోసేసి కేకలేశాడు. మావారు ఆవిడను ఇక ఇంట్లోనే ఉండమంటున్నారు. ఆవిడేమో తెల్లారేసరికి తయారై గుమ్మంలో నిలబడుతున్నారు.

జవాబు: అమ్మా, ముందు బరంపురమో విశాఖో తీసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి.

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని తేలినా ఉన్నపళంగా పని మాన్పించకండి. 2017లో టోక్యోలో షిరో ఒగుని అనే టీవీ దర్శకుడు కొద్దిరోజులు ఒక రెస్టారెంట్ నడిపారు. వడ్డించింది డిమెన్షియా ఉన్నవాళ్లే. ఆర్డర్లు తప్పుతాయని హోటల్ పేరులోనే చెప్పేశారు. మూడింట ఒకటికి పైగా తప్పాయి కూడా. అయినా తిన్నవాళ్లు నవ్వుతూనే వెళ్లారు.

కాకపోతే వాళ్లు తెలిసి వచ్చినవాళ్లు. మీ దగ్గరికొచ్చేవాళ్లు రైలు టైమైపోతోందని టెన్షన్ పడేవాళ్లు! అందుకే తెలుగులో, ఒడియాలో చిన్న బోర్డు పెట్టండి: ‘మా అమ్మకు మతిమరుపు. ఒకటి అడిగితే ఇంకొకటి రావచ్చు. చెబితే మారుస్తాం.’ అయితే ముందు ఆవిడను అడగండి. ఇష్టం లేదంటే రోజూ వచ్చేవాళ్ల చెవిన వేస్తే చాలు.

గల్లాపెట్టె మీరు చూసుకోండి. పొయ్యి దగ్గరికి, కాగే నూనె దగ్గరికి మాత్రం ఆవిడను పంపొద్దు, ఇందులో మొహమాటం పనికిరాదు. టేబులుకో రంగు టోకెన్ పెట్టి, ప్లేటులోనూ అదే రంగుది వేసి ఇవ్వండి. ఎర్ర టోకెన్ ప్లేటు ఎర్ర టోకెన్ టేబుల్‌కి. ఆర్డర్ గుర్తుపెట్టుకునే బాధ ఆవిడకు ఉండదు. రద్దీ తగ్గాక ఓ గంట చాలు. తప్పు జరిగితే నలుగురిలో ‘అది కాదత్తయ్యా’ అనకండి, చప్పుడు చేయకుండా ప్లేటు మార్చేయండి.

మీవారిది కోపం కాదు, గిరాకీ పోతుందన్న భయం. అదీ న్యాయమే. ఒక్క వారం ఇలా నడిపి చూద్దామని అడగండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, ఆయన్నే మాట్లాడమనండి. ఇక అత్తయ్య ఏ రోజైనా తనంతట తాను రానంటే, ఆ రోజు పిలవకండి.