నీలి వాండాకు మొవ్వు కుళ్ళు: కుండీలోంచి తీసేయండి

ప్రశ్న: సార్, పూల సాగు మీద ఇష్టంతో నీలి వాండా ఆర్కిడ్ మొక్కలు 20 తెచ్చి షేడ్‌నెట్ కింద పెట్టాను. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి కుండీల్లో నాటాను. పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. రెండు నెలలకే కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఐదు మొక్కల్లో మొవ్వు నల్లబడి, పట్టుకుంటే చేతికి ఊడివచ్చింది. యూరియా వేయమని ఒకరు, మందు కొట్టమని ఇంకొకరు అంటున్నారు. మామిడి చెట్టుకు కడదామంటే, బదనికలా చెట్టును పీల్చేస్తుందని మా నాన్నగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ యూరియా పక్కన పెట్టండి. ఈ పూటే 20 మొక్కలనూ కుండీల్లోంచి బయటికి తీయండి. వేర్లకు అంటుకున్న మట్టి, పొట్టు, ఎరువు అంతా నీళ్లతో మెల్లగా కడిగేసి, ఆకుల మధ్య నిలిచిన నీరు కారిపోయేలా మొక్కలను ఒక రాత్రి నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఈ జవాబులో మిగతాది రేపు చదువుకున్నా నష్టం లేదు.

వాండా నేలలో పెరిగే మొక్క కాదు. చెట్ల కొమ్మలు పట్టుకుని, వేర్లను గాలిలోకి వదిలి బతుకుతుంది. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లు మీ ఇంట్లో ఉంటే అడగండి, వెలమెన్ వేరు బొమ్మకు వాండా పేరే చెబుతారు. ఆ వెలమెన్ అంటే అసలు వేరు చుట్టూ ఉండే స్పాంజి లాంటి తొడుగు. వాన పడగానే నీటిని పీల్చుకుని పెట్టుకుంటుంది, తర్వాత ఆరిపోతుంది. తడవడం, ఆరడం రెండూ దానికి కావాలి. మీరు తడి ఒక్కటే ఇచ్చారు. కుండీలో గాలి ఆడక తొడుగు కుళ్ళింది, వేరు పోయింది, నీరు అందక మొక్క కింది ఆకులను వదిలేసుకుంటోంది. చూసేవాళ్లకు అది నీళ్లు చాలని మొక్కలా కనిపిస్తుంది కాబట్టి ఇంకాస్త పోస్తాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ సరిగ్గా ఇలాగే ఒక వాండాను చంపాను.

కడిగిన వేర్లను ఒక్కొక్కటే చూడండి. ఎండినప్పుడు వెండి రంగులో ఉండి, నీళ్లు చల్లిన కాసేపటికి ఆకుపచ్చగా మారితే ఆ వేరు బతికే ఉంది. గోధుమ రంగులో మెత్తగా ఉన్నదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగండి. పైతొడుగు జారి మీ చేతికి వచ్చి, లోపల సన్నని దారం ఒక్కటే మిగిలితే అది చచ్చిన వేరు, కత్తిరించేయండి. కొనలో ఆకుపచ్చగానో ఊదాగానో మెరిసే చిన్న ముక్క ఉంటే మాత్రం అక్కడ చెయ్యి తగలనివ్వకండి. ఎదిగేది ఆ కొనే.

ఇక మొవ్వు సంగతి. కొబ్బరిలో మొవ్వు కుళ్ళు తెచ్చే, వాడుకలో శిలీంధ్రమనే పిలిచే ఫైటాఫ్తొరాయే ఆర్కిడ్ల మీదికీ వస్తుంది. సాయంత్రం పోసిన నీళ్లు ఆకు మొదళ్ల దొన్నెల్లో రాత్రంతా నిలవడం దానికి బాగా కలిసివచ్చింది. వాసన లేకుండా నలుపు గోధుమ రంగులో కుళ్ళి ఆకు తేలిగ్గా ఊడివస్తే శిలీంధ్రమని అనుమానించాలి. నీరు కారుతూ, దుర్వాసనతో, రోజుల్లోనే పక్క ఆకుకు పాకితే బాక్టీరియా. రెండింటిలోనూ మొదటి పని కత్తిదే. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో, కోసిన చోట ఎక్కడా గోధుమ మచ్చ లేకుండా తెల్లటి శుభ్రమైన కండ కనిపించేదాకా కోయండి. ఒక్కో మొక్కకు మారేటప్పుడు బ్లేడు మళ్లీ తుడవండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను కాస్త నీటితో పేస్టులా కలిపి రాయండి. శిలీంధ్రమైతే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి ఉన్న మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి మిగతా 15 మొక్కలకు కూడా పిచికారీ చేయండి. జబ్బు మొక్కలను వేరే చోట, గాలి వాలు చూసి పెట్టండి. నీళ్ల అలవాటు మార్చకుండా మందు కొడితే మాత్రం వచ్చే నెల మళ్లీ నాకే రాస్తారు.

బాగున్న మొక్కలను చెక్క పట్టీల బుట్టల్లోకి మార్చండి. బుట్టలో ఏమీ నింపకపోయినా ఫర్వాలేదు, మనసు ఒప్పకపోతే పెద్ద బొగ్గు ముక్కలు నాలుగు వేయండి. మొక్క ఊగకుండా నైలాన్ తాడుతో కట్టండి, రాగి తీగ వాడకండి, ఆర్కిడ్ వేర్లకు అది పడదు. ఇలా వేలాడదీశాక నీళ్లు రోజూ పొద్దున్నే, వేరు మొత్తం పచ్చబడేదాకా తడపాలి. చీకటి పడేసరికి ఆకుల మొదళ్లు పొడిగా ఉండాలి. వడగాలుల రోజుల్లో మధ్యాహ్నం వేర్లను మరోసారి తడపవచ్చు, చలికాలంలో తగ్గించాలి. గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉంటే బాగుంటుంది, అందుకు బుట్టల కింద నేలను తడిపి ఉంచండి, మొవ్వులో మాత్రం నీళ్లు నిలవనీయకండి. బోరు నీళ్లు ఉప్పుగా ఉంటే వేరు మీద తెల్లటి పొర కడుతుంది. అలాంటి చోట వాన నీళ్లు పట్టి పెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

మీ నెట్ ఎంత శాతం నీడ ఇస్తుందో రాయలేదు. వాండాకు 50 శాతం సరిపోతుంది. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే వెలుతురు చాలడం లేదని, లేత పచ్చగా ఉంటే సరిగ్గా ఉందని, పసుపెక్కి కాలిన మచ్చలు పడితే ఎక్కువైందని అనుకోండి. ఆర్కిడ్ అనగానే చీకటి, చెమ్మ ఉన్న మూల వెతికేవాళ్లు చాలామంది. ఈ పొరపాటు పాతదే. 1850లో జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త మేఘాలయలోని ఖాసీ కొండల్లో ఈ నీలి వాండాను చూశాడు. పలచని ఓక్ చెట్ల మీద, ఎండకూ గాలికీ ఎదురుగా, చలికాలపు చలిని, పొడి గాలులను తట్టుకుంటూ అది విరగబూస్తోంది. ఇంగ్లండ్‌లో మాత్రం అప్పుడు ఆర్కిడ్లను ఉక్కపోసే అద్దాల ఇళ్లలో మగ్గబెడుతున్నారు. ఆ తేడాను ఆయన రాసి పెట్టాడు కూడా. ఏడుగురు మోసేన్ని మొక్కలు సేకరించి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు పంపితే, ప్రాణంతో చేరినవి కొన్నే.

ఇక్కడ మీకు ఒక చేదు మాట చెప్పాలి. అసలైన నీలి వాండా, అంటే వాండా సెరూలియా, సుమారు 800 నుంచి 1,700 మీటర్ల ఎత్తున్న కొండల మొక్క. ఈశాన్య రాష్ట్రాలు, మయన్మార్, ఉత్తర థాయిలాండ్ దాని పుట్టిల్లు. రాత్రిళ్లు 15 డిగ్రీల దరిదాపులకు చల్లబడితేనే అది హాయిగా పూస్తుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మైదానంలో మొక్క బతకొచ్చు, పూల కోసం మాత్రం ఏళ్లు ఎదురుచూడాల్సి వస్తుంది. అమ్మకానికి పూలు కావాలనుకుంటే దాని సంకర రకాలే నయం. నీలి వాండాను ఫిలిప్పీన్స్ మైదానాల వాండా శాండరియానాతో కలిపి చేసిన రోత్‌చైల్డియానా 1931లోనే నమోదైంది. ఇలాంటి సంకరాలు వేడిని కొంత తట్టుకుంటాయి, పువ్వు కూడా గుండ్రంగా, పెద్దగా వస్తుంది. నీలి వాండా పేరుతో నర్సరీల్లో దొరికేవి చాలావరకు ఇవే కాబట్టి మీవీ అవే కావచ్చు. మొదటి పువ్వు వచ్చాక ఫొటో పంపండి, చూసి చెబుతాను.

అసలు రకమే అయితే మాత్రం ఇంకో సంగతి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొక్కల కోసం ఒక అధ్యాయం చేర్చారు. అప్పట్లో అందులో రక్షణ పొందిన ఆరు రకాల జాబితాలో నీలి వాండా ఒకటి, 2022 సవరణతో ఆ జాబితా పెరిగింది. అడవిలోంచి తేవడం నేరం, సాగుకు, అమ్మకానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి నుంచి లైసెన్సు ఉండాలి. టెన్షన్ పడాల్సిన పని లేదు. నర్సరీ బిల్లు మీద మొక్క పూర్తి పేరు, ల్యాబ్‌లో పెంచినదన్న మాట రాయించుకుని అటవీ శాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి. సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉంది. రకాల విషయంలో సందేహం వస్తే వాళ్లకు రాయవచ్చు.

మీ నాన్నగారి భయం ఊరికే పుట్టలేదు. మామిడి కొమ్మలో వేరు దించి రసం పీల్చే బదనికను మనం రోజూ చూస్తాం. పైగా మన అడవుల్లో పెరిగే ఒక వాండాను కూడా బదనిక అనే పిలుస్తారు. అసలు వాండా అన్న పేరే, సంస్కృతంలో బదనిక లాంటి మొక్కలను చెప్పే ‘వందా’ నుంచి వచ్చింది. పేరు కలిసినా నడవడి వేరు. వాండా వేరు బెరడు మీద అంటుకుని ఉంటుంది, లోపలికి దిగదు. చెట్టు నుంచి దానికి కావాల్సింది చోటు మాత్రమే. ఒక వేరును మెల్లగా లేపి, కింద బెరడు మీద గాటు కూడా ఉండదని నాన్నగారికి చూపించండి. మామిడి బెరడు గరుకుగా ఉంటుంది కాబట్టి పనికొస్తుంది. జామకు మాత్రం కట్టకండి. అది బెరడు పొరలు పొరలుగా రాల్చేస్తుంది, మొక్క పట్టు దొరక్క కింద పడుతుంది.

ఎరువు గురించి రెండు మాటలే. కొత్త వేరు కొన కనిపించేదాకా ఏదీ వద్దు. కనిపించాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు అర గ్రాముతో మొదలుపెట్టి, వారానికి ఒకసారి, వేర్లను ముందు మంచినీళ్లతో తడిపాకే పిచికారీ చేయండి. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడగండి.

మొవ్వు పోయిన ఆ ఐదింటిని వెంటనే పారేయకండి. వాండాకు ఎదుగుదల అంతా ఆ ఒక్క మొవ్వులోనే, కాబట్టి ఆ కాండం ఇక పైకి పెరగదు. అయినా కింద నాలుగు పచ్చని ఆకులు, ఒకటి రెండు బతికిన వేర్లు ఉంటే కాండం మొదట్లో పక్క పిలక పుట్టే అవకాశం ఉంది. వాటిని కాస్త ఎక్కువ నీడలో, వేర్లను మాత్రమే తడుపుతూ మూణ్నాలుగు నెలలు చూడండి. పిలక వస్తే దాన్ని విడదీయాలని తొందరపడొద్దు, దానికి సొంతంగా రెండు మూడు వేర్లు దిగేదాకా తల్లి మీదే ఉంచండి.