పాత విత్తనాలకు నీళ్లు చూపించే ముందు

తల్లీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. రేకు డబ్బా, అందులో కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీద పెన్సిలు రాత: టమాటా, చిక్కుడు, గుమ్మడి, ఉల్లి. అన్నీ ఇరవై ఏళ్లు దాటినవే. రేపు పొద్దున్నే గిన్నెలో పోసి నానబెట్టేస్తానన్నావు. దయచేసి ఆ పని చెయ్యకు. ఇన్నేళ్లు ఎలాగో ప్రాణం నిలుపుకున్న గింజ, తీరా మన చేతికొచ్చాక గ్లాసెడు నీళ్లకే చచ్చిపోవడం మామూలే. ఎందుకో చెబుతాను.

ఎండిన గింజలో కణాల పొరలు ముడుచుకుని ఉంటాయి. కొత్త గింజైతే నీళ్లు తగిలాక ఆ పొరలు చప్పున సర్దుకుంటాయి. పాత గింజలో అవి బలహీనపడి ఉంటాయి. ఒక్కసారిగా నీళ్లు దూసుకొస్తే చిట్లిపోయి, లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి. నానబోసిన నీళ్లు తెల్లగా మబ్బుపట్టేది అందుకే. ఆ కారినదే బూజుకు తిండి. చిక్కుడు జాతి గింజల్లో ఈ నష్టం మరీ ఎక్కువ, పప్పుబద్దలు అడ్డంగా బీటలు వారతాయి. కాబట్టి పాత గింజకు ముందు ఆవిరి తేమ, తర్వాత చెమ్మ, చివరికి నీళ్లు. ఈ వరుస తప్పకు.

చేసే పద్ధతి ఇదీ. మూత బిగుతుగా పట్టే డబ్బా అడుగున వేలెడు లోతు నీళ్లు పొయ్యి. పైన జల్లెడలాంటిది అమర్చి గింజలు పల్చగా పరుచు. నీళ్లు గింజకు తగలకూడదు. మూత పెట్టి గది వేడిలో ఒక రోజంతా వదిలెయ్యి. గింజ గాలిలోని చెమ్మను మెల్లగా పీల్చుకుంటుంది, పొరలు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత తడిపి గట్టిగా పిండిన కాగితపు రుమాలు మధ్య పెట్టు. కాగితాన్ని వేలితో నొక్కితే చెమ్మ తెలియాలి, చుక్క కారకూడదు. గింజకూ గింజకూ మధ్య ఎడం ఉంచు, ఒకటి కుళ్లితే పక్కదానికి అంటుకోకుండా. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కొంచెం తెరిచి ఉంచు. గాలి ఆడని చోట గింజ ఊపిరి తీసుకోలేదు.

టమాటాకు, గుమ్మడికి, చిక్కుడుకు 25 నుంచి 28 డిగ్రీల వేడి బాగుంటుంది. ఉల్లికి 20 చాలు.

ఇక ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. ఇజ్రాయెల్‌లోని మసాదా కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూర గింజలు సుమారు రెండు వేల ఏళ్లనాటివి. వాటిలో ఒకటి 2005లో నాటితే మొలిచింది, చెట్టైంది. అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 21 రకాల గింజలు సీసాల్లో నింపి పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తవ్వి తీస్తే అందులోనూ మొలకలొచ్చాయి. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకో, అలా మొలిచినది కలుపు జాతి మొక్క. మిగతా రకాల్లో దాదాపు అన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. ఈజిప్టు సమాధుల్లోని గోధుమలు మొలిచాయన్న కథలు కూడా నీకు వినపడతాయి, అవి నిజం కావు. గింజ ఆయుష్షు దాని జాతిని బట్టి, దాన్ని దాచిన తీరును బట్టి ఉంటుంది. విత్తనాల వాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు. నీ డబ్బా చల్లటి, పొడి చోట ఉండి ఉంటే చాలా మేలు. వంటగది అటక మీదైతే ఆవిరికీ వేడికీ చాలా పోయి ఉంటాయి.

ఉల్లి మీద మాత్రం ఆశ పెట్టుకోకు. రెండు మూడేళ్లకే నీరసపడే గింజ అది. టమాటా మీద పెట్టుకోవచ్చు, చిక్కుడు మీద కొంత. గుమ్మడి గింజలో నూనె ఎక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ అది చెడి ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఒక్క గింజ చిదిమి వాసన చూడు. పాత నూనె వాసన గుప్పుమంటే ఆ పొట్లంలో చాలావరకు పోయినట్టే. ఏ పొట్లంలోనైనా గింజల మీద గులాబీ రంగో నీలం రంగో పూత ఉంటే అది గింజకు పట్టించిన విషపు మందు, ఒట్టి చేత్తో ముట్టుకోకు.

నీళ్లలో వేసి తేలినవి పారెయ్యమని చాలామంది చెబుతారు. పాత గింజల విషయంలో ఆ మాట వినకు. బాగా ఎండిన మంచి గింజ కూడా తేలుతుంది. తాలుగింజను వేళ్ల మధ్య నొక్కి చూస్తే తెలిసిపోతుంది, గుల్లగా అణిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పొట్లం మొత్తం ఒకేసారి వాడెయ్యకు. మూడో వంతు తియ్యి. తేడా ఏదైనా వస్తే రెండోసారికి పద్ధతి మార్చుకునే వీలుంటుంది. మొదటి విడతలో ఏమీ రాకపోతే రెండో విడతకు మందుల దుకాణాల్లో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, ఆవిరి తేమ పట్టించిన గింజలను కాసేపు అందులో కడిగి చూడు. బూజు తగ్గుతుంది. మొక్కల పెరుగుదలను నడిపే హార్మోను జిబ్బరెల్లిక్ ఆమ్లం గురించి అడిగావు. అది నిద్రలో ఉన్న గింజను లేపగలదు, చచ్చినదాన్ని కాదు. మోతాదు ఎక్కువైతే మొలక సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. దాన్ని ఆఖరుకు ఉంచుకో. పైపొట్టు రాయిలా గట్టిగా ఉండి, ఎన్ని రోజులైనా ఉబ్బని గింజ ఉంటే దానికి మాత్రం గరుకు కాగితంతో ఒక పక్కన మెల్లగా రుద్దు, కన్ను, అంటే కాయకు అతుక్కుని ఉండిన మచ్చ, ఉన్న వైపు వద్దు. ఉబ్బిన గింజను రుద్దడం దండగ.

రోజూ ఒకసారి కాగితం తెరిచి చూడు. కుళ్లినది మెత్తగా, జిగటగా ఉంటుంది, దాన్ని తీసి అవతల పారెయ్యి. గట్టిగా ఉన్నదాన్ని మాత్రం నమ్ము. కొత్త టమాటా వారంలో మొలిస్తే ఇది మూడు వారాలు పట్టొచ్చు, నెల కూడా పట్టొచ్చు. మొలక కనపడని గింజను తవ్వి, గిల్లి, పొట్టు విప్పి చూడొద్దు.

తెల్లటి వేరుమొలక గింజంత పొడుగు రాగానే కుండీలోకి మార్చు. వేరును పట్టుకోకు, గింజను పట్టుకో. పాత గింజల్లో ఒక ఇబ్బంది తరచూ వస్తుంది: మొలక పైకి లేస్తుంది గానీ పొట్టు నెత్తి మీదే ఉండిపోతుంది, ఆకులు విచ్చుకోలేవు. మొలకకు పొట్టును విదిలించే బలం లేదన్నమాట. లాగితే ఆకులు కూడా ఊడొస్తాయి. ఒక నీటిచుక్క పొట్టు మీద పెట్టి, మొక్క మీద గ్లాసు బోర్లించి రాత్రంతా ఉంచు. మర్నాటికి మెత్తబడుతుంది, అప్పుడు సూదిమొనతో అంచు ఎత్తితే జారిపోతుంది.

మొదటి మొక్కలు పీలగా, ఆకులు వంకరగా ఉంటే కంగారుపడకు. వాటి నుంచి మనకు కావలసింది కాయ నిండా కొత్త గింజ. టమాటా, చిక్కుడు చాలావరకు తమ పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి ఒక్క మొక్క దక్కినా రకం నిలుస్తుంది. గుమ్మడికి అలా కుదరదు. ఒక్క మొక్క గింజే తరాల తరబడి వాడితే సత్తువ తగ్గుతుంది, చుట్టుపక్కల ఉన్న వేరే గుమ్మడితో తేనెటీగలు కలిపేస్తాయి కూడా. అందుకని గుమ్మడి ఎన్ని మొలిస్తే అన్నీ పెంచు. ఆడపువ్వుకూ మగపువ్వుకూ విచ్చే ముందు సాయంత్రమే దారంతో మూతి కట్టి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు నువ్వే తాకించు, ఆడపువ్వును మళ్లీ కట్టెయ్యి.

కొత్త గింజ వచ్చాక నీడలో బాగా ఆరబెట్టి, గాజు సీసాలో బిగించి, పేరూ సంవత్సరమూ రాసి ఫ్రిజ్‌లో పెట్టు. వాడుకోవాలనుకున్నప్పుడు సీసా బయటికి తీసి, గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకు. చల్లటి గింజ మీద గాలిలోని చెమ్మ పట్టేస్తుంది.

టమాటా ఎన్నో రోజుకు మొలిచిందో రాయి.

ప్రేమతో,
పెదనాన్న