కాలువ పూడుస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వీధులు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇప్పుడు మా ఇంటి దగ్గరి కాలువలో ఇళ్లు కూల్చిన మట్టి, రాళ్లు పోస్తున్నారు. మావంటి గృహిణులు చేయగలిగినదేమైనా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పక ఉన్నదమ్మా. బుడమేరు సహజంగా కొల్లేరుకు చేరే వాగు. వరద వచ్చినప్పుడు వెలగలేరు వద్ద నుండి కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. అయితే ఆనాడు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలోనే 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉండడంతో ఆ నీరు నదిలో కలిసే వీలు లేకపోయింది, గట్లకు గండ్లు పడ్డాయి, వాగు ఊరి మీదకు వచ్చింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు కనుక, ఇటువంటి కుండపోత వానలు మున్ముందు పెరుగుతాయి. అందువల్ల మీ వీధి కాలువ పూడిపోవడం చిన్న విషయం కానే కాదు.

నోటిమాట ఫిర్యాదుతో ఆగకండి. మట్టి పోస్తున్న చోటును తేదీతో సహా ఫొటో తీయండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద గ్రామ నక్షా (గ్రామ భూముల పటం), ఆ సర్వే నంబరు వివరాలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రికార్డులో వాగు పోరంబోకు, అంటే వాగుకు చెందిన ప్రభుత్వ భూమి, అని ఉంటే మీ వాదనకు అంతకు మించిన బలం లేదు. ఆ నకలుతో ఇరుగుపొరుగు అందరూ సంతకాలు చేసి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులైన కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. అప్పటికీ కదలిక లేకపోతే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉన్నది.

ఒక్క మనవి: గట్టు మీద గుడిసె వేసుకున్న పేదలను ముందు ఖాళీ చేయించమని మాత్రం రాయకండి. వారికి వేరే చోట ఇల్లు చూపించిన తరువాతే కదిలించాలని అదే అర్జీలో చేర్చండి.