ఆవిర్లు వస్తున్నాయన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, బాగా వేడి చేసింది, సబ్జా తాగినా తగ్గట్లేదు" అన్నావు. రాత్రంతా నీ మాటే ఆలోచించాను. అది వేడి చేయడం కాదు తల్లీ. నీకు 47 దాటాయి, నెలసరి కూడా తప్పుతోందన్నావు. ఇవి మెనోపాజ్‌లో, అంటే నెలసరి ఆగిపోయే దశలో వచ్చే ఆవిర్లే అయ్యుంటాయి.

ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు మరీ సున్నితమైపోతుంది. కాస్త వేడెక్కినా చాలు, చర్మంలోకి రక్తాన్ని తోసి చెమట పట్టిస్తుంది. అందుకే ఛాతీ, మెడ, మొహం భగ్గుమంటాయి, చెమట ఆరాక చలేస్తుంది. సాధారణంగా ఐదు నిమిషాల్లోపే తగ్గిపోతుంది.

నాకు క్లాసులో వచ్చేవి. పిల్లలకు మొహం కనపడకుండా బోర్డు తుడుస్తూ నిలబడేదాన్ని. నాలుగేళ్లు మీ పెదనాన్నకి కూడా చెప్పలేదు. నువ్వలా చేయకు, ఇంట్లో చెప్పు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయి: ఎన్నింటికి వచ్చింది, అంతకుముందు ఏం తిన్నావు, ఏం చేస్తున్నావు. నాకైతే సాయంత్రం వేడి కాఫీ, పొయ్యి దగ్గర నిలబడటం, కారం ఎక్కువైన కూర. నీకు వేరే ఉండొచ్చు. సింథటిక్ చీరలు పక్కన పెట్టి నూలువి కట్టుకో. ఆవిరి మొదలవగానే నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీసుకో. సబ్జా మానక్కర్లేదు, కానీ దాన్నే నమ్ముకోకు.

నిద్ర కరువైతే మాత్రం డాక్టర్‌కి చూపించుకో. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించు, అది ఎక్కువైనా ఇలాగే చెమటలు పడతాయి. ఆవిర్లకి బాగా పనిచేసేది హార్మోన్ల మందే. 2002లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చాక అందరూ దానికి భయపడ్డారు, నేనూ భయపడి వాడలేదు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేదేమిటంటే, 60 ఏళ్ల లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులైన చాలామందికి దానివల్ల ముప్పు కంటే మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళకి పనికిరాదు. వాళ్ళకి హార్మోన్లు లేని మాత్రలున్నాయి.

ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను. ఆవిర్ల కోసం గర్భసంచి తీయించుకోకు. నాకు ఒక డాక్టర్ అదే సలహా ఇచ్చారు. దేశంలో ఈ ఆపరేషన్ అందరికంటే ఎక్కువ జరుగుతున్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా, ఇంకా ఎక్కువగా వస్తాయి. ఇంకోటి, ఏడాదిపాటు నెలసరి ఆగిపోయాక మళ్ళీ ఎరుపు కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, వెంటనే చూపించుకోవాలి.

రెండు వారాలయ్యాక ఆ నోట్‌బుక్ పట్టుకుని రా. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ