హైకోర్టు జడ్జిగా పేరు వెళ్లాక ఏళ్ల తరబడి ఎందుకు ఆగుతుంది? ఎక్కడ ఆగిందో తెలిసేదెలా?

మీరు అడిగింది ఇది: మీ బార్‌లోని ఒక లాయరు పేరును హైకోర్టు కొలీజియం (జడ్జిల పేర్లు ఎంపిక చేసే సీనియర్ జడ్జిల బృందం) పంపి రెండేళ్లు దాటింది. అవుననీ లేదు, కాదనీ లేదు. ఎంక్వైరీ జరుగుతోందని మాత్రం అంటున్నారు. ఆపుతున్నది ఎవరు?

ముందు తేదీలు రాసుకోండి. ఎవరు ఏమన్నారన్న కబుర్లకన్నా, ఏ తేదీకి ఫైలు ఎవరి బల్ల మీద ఉందన్నదే మీకు అసలు సంగతి చెబుతుంది.

ఖాళీ రావడానికి కనీసం 6 నెలల ముందే హైకోర్టు చీఫ్ జస్టిస్, తన తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జిలతో కూర్చుని పేర్లు ఖాయం చేయాలి. లాయరైతే బయోడేటాతో పాటు ఐదేళ్ల వృత్తి ఆదాయం, వాదించిన కేసుల్లో రిపోర్టయిన తీర్పుల జాబితా జతచేస్తారు. ఆ ఫైలు ముఖ్యమంత్రికి, గవర్నరుకు, కేంద్ర న్యాయమంత్రికి, సీజేఐకి (సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి) వెళ్తుంది. రాష్ట్రం 6 వారాల్లో నోరు విప్పకపోతే, చెప్పేదేమీ లేదని కేంద్రం అనుకోవచ్చు. అందుకే 'సీఎం తొక్కిపెట్టాడు' అనే మాట వినగానే నమ్మకండి. 6 వారాలు దాటాక ఆ సాకు చెల్లదు.

ఆ తర్వాత కేంద్రం ఐబీ (కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో) రిపోర్టు కలిపి సీజేఐకి పంపాలి. హైకోర్టు నియామకాల వరకు సుప్రీంకోర్టు కొలీజియం అంటే సీజేఐతో కలిపి ముగ్గురే. వాళ్లకు 4 వారాలు. వాళ్లు ఓకే అంటే న్యాయమంత్రి 3 వారాల్లో ప్రధాని ముందు పెట్టాలి. ఇవన్నీ జడ్జిల నియామక పద్ధతి చెప్పే పత్రం, మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్‌లో ఉన్న గడువులు. చిక్కల్లా మధ్యలో ఉంది. ఐబీ రిపోర్టు తెప్పించి ఫైలును సీజేఐ దగ్గరికి చేర్చడానికి కేంద్రానికి అందులో గడువే రాయలేదు. రాజకీయం దూరేది ఈ సందులోనే.

ఈ సందు పూడ్చడానికే 2021 ఏప్రిల్ 20న పీఎల్‌ఆర్ ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు లెక్క కట్టి చెప్పింది. హైకోర్టు కొలీజియం సిఫార్సు చేసిన నాటి నుంచి 4 నుంచి 6 వారాల్లో ఐబీ రిపోర్టు రావాలి. అదీ, రాష్ట్రం అభిప్రాయమూ అందాక 8 నుంచి 12 వారాల్లో కేంద్రం ఫైలు పంపాలి. అభ్యంతరముంటే కారణాలు రాసి తిప్పి పంపాలి. కొలీజియం అదే పేరును ఏకగ్రీవంగా మళ్లీ పంపితే 3, 4 వారాల్లో నియామకం జరగాలి. జరగకపోతే ఏమవుతుందన్న దగ్గరే ఇదంతా బలహీనపడుతుంది.

ఢిల్లీ హైకోర్టుకు లాయరు సౌరభ్ కిర్పాల్ పేరు తీసుకోండి. హైకోర్టు కొలీజియం సిఫార్సు 2017 అక్టోబరు 13. సుప్రీంకోర్టు కొలీజియం ఆమోదం 2021 నవంబరు 11. కేంద్రం తిప్పి పంపింది 2022 నవంబరు 25న. మళ్లీ పంపింది 2023 జనవరి 18న. ఆయన భాగస్వామి స్విట్జర్లాండ్ పౌరుడు, తన లైంగికతను ఆయన దాచుకోరు: ఇవీ అభ్యంతరాలు. ఇప్పుడూ గతంలోనూ రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్లతో సహా ఉన్నత స్థానాల్లోని చాలామందికి విదేశీ జీవిత భాగస్వాములు ఉన్నారని కొలీజియం రాతపూర్వకంగా జవాబిచ్చింది. అయినా 2024 ముగిసేసరికి కూడా నోటిఫికేషన్ రాలేదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే మద్రాసు హైకోర్టు. 2023 జనవరి 17న ఒకే రోజు సుప్రీంకోర్టు కొలీజియం నుంచి రెండు తీర్మానాలు వచ్చాయి. ఒకదానిలో లాయరు ఆర్. జాన్ సత్యన్ పేరును రెండోసారి పంపారు. ప్రధానిని విమర్శించిన ఒక వ్యాసాన్ని ఆయన షేర్ చేశారని, వైద్యవిద్య ఆశించిన ఒక విద్యార్థిని ఆత్మహత్య గురించి ఒక పోస్టు పెట్టారని ఐబీ రాసింది. రాజకీయ మొగ్గు బయటికేమీ కనబడదని కూడా ఐబీయే రాసింది. ఆ పోస్టులు అడ్డు కావని, అదే రోజు విడిగా సిఫార్సు చేసిన కొన్ని పేర్లకన్నా ముందు ఆయన్ను నియమించాలని కొలీజియం కోరింది. ఆ విడి జాబితాలో విక్టోరియా గౌరి ఉన్నారు. ఆమెకు 20 రోజుల్లో, ఫిబ్రవరి 6న, నోటిఫికేషన్ వచ్చింది. సత్యన్‌కు రాలేదు. ఆమె పాత ప్రసంగాల మీద ఫిర్యాదులొస్తే, సిఫార్సు పంపిన తర్వాతే కొన్ని విషయాలు తమ దృష్టికి వచ్చాయని అప్పటి సీజేఐ చంద్రచూడ్ కోర్టులోనే చెప్పారు. ఒకరు షేర్ చేసిన వ్యాసం దాకా వెళ్లిన ఆరా, మరొకరి ప్రసంగాల విషయంలో కొలీజియం ముందుకు సకాలంలో చేరలేదు. నా దృష్టిలో ఈ వ్యవస్థ మీద ఉన్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే.

పైగా నష్టం ఆలస్యంతో ఆగదు. ప్రమాణం చేసిన తేదీని బట్టే సీనియారిటీ. జాబితాలో కొన్ని పేర్లు విడదీసి ముందు నియమిస్తే, వెనకబడినవాళ్లు కొలీజియంలో కూర్చునే వంతు కూడా పోగొట్టుకోవచ్చు. 2023 మార్చి 21 తీర్మానంలో సత్యన్ విషయంగా కొలీజియం ఈ ఆందోళనే రాసింది. అవతల ప్రాక్టీసు కూడా దెబ్బతింటుంది. రేపోమాపో జడ్జి అవుతాడని పేరుపడ్డ లాయరుకు కొత్త కేసు ఇవ్వడానికి క్లయింట్లు వెనకాడతారు. కర్ణాటకలో ఆదిత్య సోంధీ, తన పేరు రెండోసారి వెళ్లినా నియామకం రాకపోవడంతో 2022 ఫిబ్రవరిలో జడ్జి పదవికి ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకున్నారు. బొంబాయి హైకోర్టుకు పేరు వెళ్లిన సోమశేఖర్ సుందరేశన్ మాత్రం నిలబడ్డారు. 2023 జనవరి 18న రెండోసారి పేరు వెళ్తే నియామకం నవంబరులో వచ్చింది. 4 వారాల పని 10 నెలలైంది.

పేరు బయటికి పొక్కగానే ఆకాశరామన్న ఉత్తరాలు మొదలవుతాయి. ఐబీ రిపోర్టును అభ్యర్థికి చూపించరు, జవాబు చెప్పుకునే అవకాశమూ ఇవ్వరు. 2023 జనవరిలో ఆ రిపోర్టుల సారాంశాన్ని కొలీజియం బయటపెట్టినప్పుడు అప్పటి న్యాయమంత్రి కిరణ్ రిజిజు తీవ్రంగా ఆక్షేపించారు. అసలు ఈ తీర్మానాలు వెబ్‌సైట్‌లో కనబడటమే 2017 అక్టోబరు నుంచి. అంతకు ఏడాది ముందు, మినిట్స్ రాయనిదే కొలీజియం సమావేశాలకు రానని పట్టుబట్టింది మన కృష్ణా జిల్లా మనిషి, జస్టిస్ జాస్తి చలమేశ్వర్.

కోర్టుకెళ్తే? అర్హత మీదైతే వింటారు. 1992లో గౌహతి హైకోర్టుకు ఎంపికైన ఒకరికి రాజ్యాంగం అడిగే అర్హత లేదని, ప్రమాణానికి ముందే సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. తగినవాడా కాదా అన్న ప్రశ్నలోకి మాత్రం కోర్టు దిగదు. విక్టోరియా గౌరి నియామకాన్ని సవాలు చేసిన కేసులోనూ అదే చెప్పింది. ఆర్టీఐ మీద ఆశ పెట్టుకోకండి. తుది తీర్మానం తప్ప కొలీజియంలో జరిగిన చర్చ బయటపెట్టనక్కర్లేదని 2022 డిసెంబరులో తీర్పు వచ్చింది.

మీరు చేయగలిగిందల్లా ఇది. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో కొలీజియం తీర్మానాల్లో ఆ పేరు వెతకండి. అక్కడ ఆ పేరు లేకపోతే ఫైలు ఇంకా కేంద్రం దగ్గరో, సుప్రీంకోర్టు కొలీజియం పరిశీలనలోనో ఉండి ఉండవచ్చు. ఆ పేరును ఆమోదించిన తీర్మానం ఉండి, న్యాయశాఖ వెబ్‌సైట్‌లో నియామక నోటిఫికేషన్ లేకపోతే ఆగింది కేంద్రం దగ్గరే. అదే తీర్మానంలోని మిగతా పేర్లకు నోటిఫికేషన్లు వచ్చాయేమో కూడా చూడండి. వచ్చి ఉంటే, మీ లాయరు పేరును విడదీసి పక్కన పెట్టారని అర్థం.